ఆయన చప్పుడు, ఆవిడ చప్పుడు

ఏలూరులో కైకలూరు రోడ్డు మొదట్లో ముత్యాలరావు కార్ల షెడ్డు ఉంది. దాన్ని ఆనుకునే నా జిరాక్సు కొట్టు. పన్నెండేళ్ళుగా మా ఇద్దరికీ మధ్య ఒక రేకు గోడే అడ్డం. కాబట్టి అతని దగ్గరికి వచ్చిన కార్ల చప్పుళ్ళన్నీ నేను విన్నాను. వాటికంటే ఎక్కువగా, ఆ కార్ల యజమానులు నోటితో చేసిన చప్పుళ్ళు విన్నాను.

అది ముత్యాలరావు పద్ధతి. కారు రాగానే బోనెట్టు ఎత్తడు. యజమానిని స్టూలు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చాలా మర్యాదగా అడుగుతాడు.

"ఎలా వస్తోందండి? ఒక్కసారి చేసి చూపించండి."

"ఏం చెయ్యాలి?"

"అదేనండి, చప్పుడు."

మొదటిసారి నా పాత కారు తీసుకెళ్ళినప్పుడు నేనూ తెల్లబోయాను. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "కటకట" అన్నాను. ముత్యాలరావు కళ్ళు మూసుకుని విన్నాడు.

"'ట'కి ఒత్తుందాండి?"

"ఏంటి?"

"కటకటా, కట్టుకట్టా? ఒత్తు లేకపోతే బ్రేకు ప్లేటు వదులైనట్టండి. ఒత్తుంటే యాక్సిల్ జాయింటు. తొందరేం లేదు, గుర్తు తెచ్చుకుని చెప్పండి."

పదో తరగతి తర్వాత నేను ఒత్తుల గురించి అంతగా ఆలోచించింది ఆ రోజే. కళ్ళు మూసుకుని మా వీధి మలుపు దగ్గరికి మనసులోనే కారు తోలుకెళ్ళి, విని, తిరిగొచ్చి, ఒత్తుందని చెప్పాను. జాయింటే పోయింది.

విక్టోరియా గారని ఒక హెడ్మిస్ట్రెస్ ఉన్నారు. ఆవిడ బడి నుంచే ఫోను చేసి, క్లచ్చి తొక్కినప్పుడు వచ్చే చప్పుడు "ఖిర్ర్‌ర్" అని వినిపించారు. సరిగ్గా పట్టుకున్నారు, క్లచ్చి బేరింగే. కాకపోతే ఆఫీసు గది తలుపు తెరిచి ఉందట. మర్నాడు ప్రార్థనలో ఆవిడ "నిలబడండి" అనగానే వరసలు వరసలుగా పిల్లలంతా "ఖిర్ర్‌ర్" అంటూ లేచారట.

ముత్యాలరావుది కొల్లేటికోట. తండ్రిది చేపల వేట. తల్లి గంగమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి చేపలమ్మేది. ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయాక అతను చేపల చెరువుల మీద పనికి కుదిరాడు. నీళ్ళు తోడే డీజిలు ఇంజన్లని కనిపెట్టుకుని ఉండాలి. నాలుగు చెరువులకి మనిషి ఒక్కడే. ప్రతి ఇంజను దగ్గరికీ గట్ల మీద నడిచి వెళ్ళలేక, ఉన్నచోటే కూర్చుని వినడం అలవాటు చేసుకున్నాడు. నీళ్ళ మీద చప్పుడు బాగా పాకుతుంది. ఏ ఇంజను దగ్గుతోందో, ఏది ఆయాసపడుతోందో గట్టు మీద అన్నం తింటూనే చెప్పేసేవాడు.

ఒకసారి ఏలూరు నుంచి సుందరరావు మేస్త్రీ ఒక ఇంజను బాగు చెయ్యడానికి వచ్చాడు. పొద్దుటి నుంచి విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. చప్పుడు పోవడం లేదు. అవతలి గట్టు మీద నుంచి ముత్యాలరావు కేకేశాడు.

"మేస్త్రీగారూ, అది ఇంజను చప్పుడు కాదండీ! పంపు షాఫ్టుదండీ!"

"నీకెలా తెలుసు?"

"ఇంజనైతే దగ్గుద్దండీ. ఇది పళ్ళు కొరుకుతోందండీ!"

షాఫ్టు విప్పి చూస్తే లోపల బేరింగు తుప్పు పట్టి ముక్కలైపోయి ఉంది. సుందరరావు మేస్త్రీకి ముందు కోపం వచ్చింది, తర్వాత ఆలోచన వచ్చింది. వెళ్ళేటప్పుడు ముత్యాలరావుని మోటారు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఏలూరు తీసుకొచ్చేశాడు.

"చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందని కారుని అడక్కు. అది అబద్ధం చెబుతుంది. ముందు చక్రం అరిస్తే వెనక సీటు కింద వినపడుతుంది," అని నేర్పాడు మేస్త్రీ. "ఎప్పుడు వస్తోందో అడుగు. కారు నిలబడి ఉంటే వస్తోందా, నడుస్తుంటేనా? తిన్నగా పోతుంటేనా, తిప్పితేనా? క్లచ్చి తొక్కితే ఆగుతోందా? ఇవన్నీ తోలినవాడికే తెలుస్తాయి. వాడి నోరు తెరిపించు."

ముత్యాలరావు ఆ మాటని అక్షరాలా తీసుకున్నాడు. మేస్త్రీ పనిలోంచి తప్పుకుని షెడ్డు అతనికి అప్పగించాక, వచ్చిన ప్రతివాడి నోరూ తెరిపించాడు. తోలినవాడి నోరు మాత్రమే తెరిపించాడు. అక్కడే ఒకసారి దెబ్బతిన్నాడు.

పోయిన మార్చిలో తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊరి నుంచి వెంకట్రాజుగారు, ఆయన భార్య కాంతం గారు తెల్ల కారులో వచ్చారు. వెంకట్రాజుగారికి అరవై ఉంటాయి. వరి పండించే రైతు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, పంచె. ఆయన ఎక్కువ మాట్లాడరు. ఎవరేం చెప్పినా "ఊఁ" అంటారు. ఆ "ఊఁ"కి ఊళ్ళో చాలా విలువట. గట్టు తగాదాల్లో ఆయన ఊఁ అంటే తీర్పు అయిపోయినట్టేనట. కాంతం గారికి యాభై దాటాయి. బొద్దుగా, నవ్వు మొహంతో ఉంటారు. ఆయన దాచుకున్న మాటలన్నీ కూడా ఆవిడే మాట్లాడేస్తారు.

"చేసి చూపించండి రాజుగారూ," అన్నాడు ముత్యాలరావు.

వెంకట్రాజుగారు నా కొట్టు వైపు చూశారు. ఎదుటి టీ కొట్టు దగ్గర నిలబడ్డ నలుగురి వైపు చూశారు.

"చప్పుడొస్తోందయ్యా."

"ఎలా వస్తోందండి?"

"చప్పుడులాగే వస్తోంది."

"ఆయన చెయ్యరండి మేస్త్రీగారూ, నేను చేస్తాను," అని కాంతం గారు ముందుకొచ్చి, గట్టిగా ఊపిరి తీసుకుని, "ఊఁఁఁఁ" అని మొదలుపెట్టారు. పక్కింట్లో పిండి రుబ్బే గ్రైండరు తిరుగుతున్నట్టుంది. టీ కొట్టు దగ్గర గ్లాసులు గాలిలో ఆగాయి.

"అది కారుది కాదు," అన్నారు వెంకట్రాజుగారు.

"మరెవరిదండీ?"

ఆయన ముత్యాలరావుని దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలో రహస్యంగా "టిక్కు టిక్కు టిక్కు" అన్నారు. అని, వెంటనే చొక్కా సర్దుకున్నారు.

"ఎప్పుడొస్తోందండి?"

"ఎడమకి పూర్తిగా తిప్పితే."

ముత్యాలరావు కారుని ఖాళీ స్థలంలో ఎడమకి గుండ్రంగా నాలుగు చుట్లు తిప్పాడు. టిక్కు టిక్కుమని స్పష్టంగా వస్తోంది. జాకీ వేసి కుడి చక్రం లోపల టార్చి కొట్టి చూస్తే, జాయింటు మీది రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజంతా చక్రం లోపలి వైపు చిమ్మి ఉంది. గ్రీజు పోయిన జాయింటులోకి ఇసుక చేరి గోళీలు అరిగిపోయాయి. దాన్ని మార్చేశాడు.

"మరి నా చప్పుడు?" అన్నారు కాంతం గారు.

ముత్యాలరావు మర్యాదకి ఒక్కడే కారు తీసుకుని రోడ్డు మీద గట్టిగా తోలుకొచ్చాడు. ఏ చప్పుడూ లేదు.

"ఇప్పుడేం రావట్లేదండి అమ్మగారూ. దాంతోపాటే పోయుంటుందండి."

వెంకట్రాజుగారు "ఊఁ" అని కారెక్కారు.

నాలుగో రోజు పొద్దున్న కాంతం గారు పాసింజరు రైలు దిగి, ఆటో ఎక్కి, ఒక్కరే వచ్చారు. కారు లేదు, రాజుగారూ లేరు. భుజాన సంచీ కింద పెట్టకుండానే అన్నారు.

"ఏవండీ మేస్త్రీగారూ, ఆయన చప్పుడు పోయిందండి. నా చప్పుడు నాకే ఉంది."

"అయ్యో, కారు తీసుకురావల్సిందండి అమ్మగారూ."

"ఆయన తేరండి. ఆయనకేం వినపడట్లేదట. మొన్న మా ఆడపడుచు ముందే అన్నారు, 'ఆ చప్పుడు కారుది కాదు, కాంతానిది' అని. ఆవిడ ఇంటిల్లిపాదికీ ఫోను చేసి చెప్పిందండి. అందుకని చప్పుడు నేనే మోసుకొచ్చాను. వినండి."

షెడ్డు మధ్యలో నిలబడి, చేతులు స్టీరింగు పట్టుకున్నట్టు పెట్టి, ఆవిడ మొదలుపెట్టారు. యాభై వేగంలో ఏమీ లేదు. అరవై దాటగానే సన్నగా "ఊఁ". డెబ్భైకి లావుగా "ఊఁఁఁ". కుడివైపు వంపు తిరిగితే ఆవిడ ఎడమకి ఒరిగారు, చప్పుడు పెరిగింది. ఎడమవైపు తిరిగితే కుడికి ఒరిగారు, చప్పుడు తగ్గింది. క్లచ్చి తొక్కి చూపించారు, చప్పుడు ఆగలేదు. జిరాక్సుకి వచ్చిన ఇద్దరు కాగితాలు మర్చిపోయి చూస్తున్నారు.

ముత్యాలరావు చేతిలో స్పానరు కింద పెట్టేశాడు.

"అమ్మగారూ, ఇరవై ఏళ్ళయిందండి ఈ పనిలో. ఇంత వివరంగా నాకెవరూ చెప్పలేదండి. కుడి వంపులో బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు పెరుగుతోందంటే ఎడమ ముందు చక్రం బేరింగండి అది. మొన్న మీరు చెప్పబోతే నేను వినలేదు. తప్పయిపోయిందండి."

కాంతం గారు అప్పుడు సంచీ కింద పెట్టారు. "ఆ మాట ఆయనకి ఫోన్లో చెప్పండి," అన్నారు.

మర్నాడు వెంకట్రాజుగారు భార్యని ఎక్కించుకుని కారు తెచ్చారు, మొహం ముడుచుకుని. ముత్యాలరావు ముందు ఒక్కడే తోలి చూశాడు. చప్పుడు లేదు. రాజుగారిని తోలమని తను పక్కన కూర్చున్నాడు. తనేమో బక్కపలచని మనిషి. చప్పుడు లేదు. "ఇప్పుడేమంటావు?" అన్నట్టు రాజుగారు భార్య వైపు చూశారు.

"నేను లేకుండా ఎందుకొస్తుందండీ? నేనూ ఎక్కుతాను పదండి," అన్నారు కాంతం గారు.

నా కొట్లో కరెంటు లేదు. కరెంటు లేకపోతే జిరాక్సు లేదు. ముత్యాలరావు సాక్ష్యానికన్నట్టు నన్నూ రమ్మన్నాడు. రాజుగారు తోలుతున్నారు, ఆవిడ పక్కన కూర్చున్నారు, మేమిద్దరం వెనక. కైకలూరు రోడ్డు మీద అరవై దాటగానే చప్పుడు వచ్చింది.

"అదిగో! ఊఁఁఁ," అన్నారు కాంతం గారు.

"అమ్మగారూ, కొంచెం మీరు ఆగితే..."

"ఆగాను, ఆగాను. అదిగో మళ్ళీ! ఊఁఁఁ."

"అమ్మగారూ, కారు అంటోందో మీరు అంటున్నారో తెలియట్లేదండి."

ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అర కిలోమీటరు వెళ్ళామో లేదో చెంగులోంచే "ఊఁఁఁ" అని వచ్చింది.

"వినపడగానే చెప్పకుండా ఎలా ఉంటానండీ?" అన్నారు ఆవిడ, తప్పు చేసినదానిలా. రాజుగారి మీసం కింద చిన్న నవ్వు కదిలింది.

ముత్యాలరావు నా వైపు వంగి గుసగుసలాడాడు. "నేనొక్కణ్ణీ తోలితే రాదండి. ఆవిడ కూర్చుంటేనే వస్తోంది. అంటే ఆ వైపు బరువు పడాలండి."

"చెప్పు మరి."

"ఏమని చెప్పనండి?"

నిజమే. మా జిల్లాలో మనుషులు తిట్టుకున్నా చివర అండీ పెట్టి తిట్టుకుంటారు. ఈ మాటకి అండీ ఎక్కడ తగిలించాలో అతనికి తోచలేదు. కొల్లేటికోట మలుపు దాకా చెమటలు పట్టి కూర్చున్నాడు. అక్కడ గట్టు పక్కన అతని మేనమామ కొడుకు చేపల మేత కొట్టం ఉంది. కారాపించాడు. లోపల తవుడు బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. గుమ్మం దగ్గర అతని తల్లి గంగమ్మ కూర్చుని వల బాగు చేస్తోంది. డెబ్భై దాటిన మనిషి.

"అమ్మగారూ, ఎండగా ఉంది, కాసేపు నీడన కూర్చోండి. మా అమ్మ మజ్జిగిస్తుందండి," అని కాంతం గారిని దింపి, ముత్యాలరావు ఒక తవుడు బస్తా మోసుకెళ్ళి ఆవిడ సీట్లో పెట్టాడు.

"తవుడెక్కడికిరా?" అంది గంగమ్మ.

"ఊరికేనే."

రెండో బస్తా తీసుకెళ్ళి మొదటి దాని మీద పెట్టాడు.

"ఊరికే ఏంట్రా, తవుడు కార్లో షికారుకెళ్ళుద్దా?" అని ముసలావిడ వల పక్కన పెట్టి లేచింది. సీట్లో బస్తాల్ని చూసింది. మజ్జిగ గ్లాసు పట్టుకున్న కాంతం గారిని ఆపాదమస్తకం చూసింది. "ఓహో, ఆ అమ్మగోరి బరువుకా? రెండు చాలవేమోరా!"

ముత్యాలరావు మొహంలో రక్తం లేదు. వెంకట్రాజుగారు గబుక్కున చెరువు వైపు తిరిగి, చేపల్ని లెక్కపెడుతున్నట్టు నిలబడ్డారు. వెనక నుంచి ఆయన భుజాలు మాత్రం కదులుతున్నాయి.

కాంతం గారు గ్లాసు కింద పెట్టి కారు దగ్గరికి నడిచారు.

"బస్తా ఎంతుంటుందండి?"

"నలభై అండి... తవుడు కదండీ... అంటే అమ్మగారూ, నా ఉద్దేశం..."

"నేను ఎనభై మూడు. ఇంకో మూడు కేజీలు పెట్టండి."

"అక్కర్లేదండి, సుమారుగా చాలండి."

"సుమారులొద్దండి. తేడా వస్తే ఆయన మళ్ళీ ఒప్పుకోరు."

గంగమ్మకి ఆవిడ నచ్చేసింది. లోపలికెళ్ళి ఒక బొచ్చె చేప తెచ్చి కాటా మీద వేసి చూపించింది. సరిగ్గా మూడు. దాన్ని కవర్లో చుట్టి పై బస్తా మీద పడుకోబెట్టారు. ముత్యాలరావు రెండు బస్తాలకీ చేపకీ కలిపి సీటు బెల్టు పెట్టాడు. కాంతం గారు గట్టు మీద నిలబడి, "జాగ్రత్తగా వినండి!" అని మమ్మల్ని సాగనంపారు.

తవుడు నోరెత్తలేదు. కారు అరవై దాటింది. ఎడమ వైపు కింద నుంచి సన్నగా, స్పష్టంగా, "ఊఁఁఁ" అని లేచింది. అచ్చం ఆవిడ చేసినట్టే. వెనక సీట్లో ముత్యాలరావు చెవి తలుపు పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, పరీక్ష పాసైనవాడిలా నవ్వాడు.

"రాజుగారూ, వచ్చే కుడి వంపులో ఇంకాస్త పెంచండి," అన్నాడు ఎడమ వైపు నుంచి వంగి.

"ఊఁ," అన్నారు వెంకట్రాజుగారు. వేగం పెంచలేదు.

"వంపులో పెంచండి రాజుగారూ."

"ఊఁ."

వంపు వెళ్ళిపోయింది. ముత్యాలరావు నన్ను జరగమని నా మీదుగా కుడి వైపుకి వచ్చి, ఆయన కుడి చెవి దగ్గర అదే గొంతుతో, "వచ్చే వంపులో పెంచండి," అన్నాడు.

"అలాగే చెప్పొచ్చుగా ఇందాకే!" అని ఆయన వెంటనే పెంచారు.

ముత్యాలరావు నా మొహంలోకి చూశాడు. నెమ్మదిగా మళ్ళీ ఎడమ వైపుకి జరిగాడు. చాలా వినయంగా అడిగాడు.

"రాజుగారూ, ఈ చక్రాలు నాలుగూ ఊడదీసేసి, కారుని దోనె కింద మార్చి కొల్లేట్లో వదిలేద్దామాండీ?"

"ఊఁ," అన్నారు వెంకట్రాజుగారు గంభీరంగా.

నేను దగ్గు వచ్చినట్టు నటించాను. ముత్యాలరావు కారు పక్కకి ఆపించి, దిగి, ఆయన తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"తప్పుగా అనుకోకండి. బేరింగు పోయింది ఎడమ వైపండి. మీకూ..." అని ఆగాడు.

వెంకట్రాజుగారు ఇంజను ఆపేశారు. "ఏడేళ్ళయింది," అన్నారు. "మా మేనల్లుడి పెళ్ళి ఊరేగింపులో ఎడమ చెవి పక్కనే బాంబు పేల్చారు. అప్పటి నుంచి గుయ్యిమంటుంది తప్ప ఇంకేం లేదు."

"అమ్మగారికి చెప్పలేదాండి?"

"మొదట్లో అదే తగ్గుతుందనుకున్నాను. తర్వాత చెబుదామంటే ఆలస్యమైపోయింది. ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ ఏం విన్నారని అడగదా?"

"అందుకని అన్నింటికీ ఊఁ అనేస్తున్నారాండి?"

"ఊఁ," అన్నారు వెంకట్రాజుగారు.

ఎవరికీ చెప్పనని ముత్యాలరావు మాటిచ్చాడు. నేనూ ఇచ్చాను. తవుడుని దింపి, కాంతం గారిని ఎక్కించుకుని, చేపని గంగమ్మ బలవంతాన ఆవిడ చేతిలోనే పెడితే డిక్కీలో వేసుకుని, షెడ్డుకి వచ్చాం.

ఎడమ చక్రం విప్పి, ప్రెస్సు మీద నొక్కి ముత్యాలరావు బేరింగు బయటికి తీశాడు. గుడ్డతో తుడిచి వేలితో తిప్పితే గరగరమంది. కాంతం గారు దాన్ని పతకంలా అందుకున్నారు. ముందు ముత్యాలరావు చెవి దగ్గర తిప్పారు, తర్వాత నా చెవి దగ్గర తిప్పారు. తర్వాత భర్త దగ్గరికి వెళ్ళారు. ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ నిలబడింది ఆయనకి ఎడమ పక్కన. ముత్యాలరావు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

"ఇప్పుడైనా వినండి!" అని ఆవిడ చెవి దగ్గర తిప్పారు.

"ఊఁ. అవును. పోయింది," అన్నారు ఆయన.

ఆ ఒప్పుకోవడంలో ఆవిడకి ఏదో తేడా తగిలినట్టుంది. బొటనవేలితో బేరింగు ఆపేశారు. ఆగిపోయిన బేరింగుని అలాగే చెవి దగ్గర పట్టుకున్నారు.

"ఇప్పుడు?"

"గట్టిగా వస్తోంది," అన్నారు వెంకట్రాజుగారు.

ఆవిడ చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి బేరింగుని ఒక్క తిప్పు తిప్పారు. ఆయన ఉలిక్కిపడి స్టూలు మీద నుంచి లేచారు.



"ఎన్నాళ్ళ నుంచండీ?"

ఆయన చెప్పారు.

"అయితే నిరుడు వంటగది గోడ పడగొట్టి పెంచుదామంటే ఊఁ అన్నారు?"

"ఏ గోడ?"

"తాపీ మేస్త్రీని మాట్లాడాను కదండీ! వచ్చే వారం వస్తాడు! మా పిన్నిని కాశీ తీసుకెళ్దామంటే ఊఁ అన్నారు?"

"కాశీయా?"

"టిక్కెట్లు తీయించానండీ!"

వెంకట్రాజుగారు మళ్ళీ కూర్చున్నారు. ఆవిడ కూడా ఒక పాత టైరు మీద కూర్చున్నారు. కాసేపటికి గొంతు మారింది.

"మా అమ్మ పోయినప్పుడు, ఊరు వెళ్ళినంత దూరం అమ్మ గురించే చెప్పుకున్నాను మీతో. మీరు ఊఁ ఊఁ అంటుంటే నాకు ధైర్యంగా ఉండేది. అదీ వినలేదా?"

"మాటలు వినపడలేదు," అన్నారు ఆయన, కుడి చెవి ఆవిడ వైపు తిప్పి. "ఏడుస్తున్నావని తెలుసు. ఊఁ అనకపోతే ఆపేస్తావేమోనని అంటూ ఉన్నాను."

ముత్యాలరావు అప్పటికే బిగించి ఉన్న ఒక నట్టుని మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. నేను నా కొట్లోకి వచ్చేశాను. కరెంటు ఇంకా రాలేదు, అయినా మిషను ముందు నిలబడ్డాను.

తర్వాతి వారం వెంకట్రాజుగారు ఏలూరులో చెవి డాక్టరు దగ్గరికి వచ్చారు. భార్యతో రావడానికి సిగ్గుపడి, ముత్యాలరావుని తోడు తీసుకెళ్ళారు. డాక్టరు ఎడమ చెవికి మిషను పెట్టుకోమన్నాడు. తోడొచ్చారు కదా అని ముత్యాలరావు చెవులు కూడా పరీక్ష చేశాడు. ఆ కాగితం జిరాక్సు తీయించుకోవడానికి ముత్యాలరావు నా దగ్గరికి వచ్చినప్పుడు మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఏంటి, తగ్గిందా?"

"లేదండి. మామూలుగానే ఉందట. అందరి చెవుల్లాగే ఉందటండి."

తన చెవి గొప్పదని అతను చిన్నప్పటి నుంచీ నమ్మాడు. ఒక కాపీ అడిగితే రెండు తీసిచ్చాను. మర్నాడు చూస్తే స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసి ఉంది. ఇప్పుడు కారు వస్తే తోలినవాడినీ, పక్కన కూర్చున్నవాళ్ళనీ విడివిడిగా అడుగుతున్నాడు. విక్టోరియా గారి కారులో వెనక సీట్లో కూర్చునే వాళ్ళ అత్తగారు, ఎనభై ఏళ్ళావిడ, మొన్న "లొట్టు లొట్టు" అని షాకబ్జార్బరు బుష్షుని ఒక్క మాటలో పట్టించారు.

వెంకట్రాజుగారు చెవి మిషను ఇంట్లో పెట్టుకుంటారు, ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు తీసి జేబులో వేసుకుంటారు. కారులో కూడా వద్దన్నారు, ఎదురొచ్చే ట్రాక్టరువాళ్ళు చూస్తారట. కాంతం గారు రెండు రోజులు ఆలోచించి, తాడేపల్లిగూడెంలో డ్రైవింగు స్కూల్లో చేరారు. ఆవిడ తోలితే ఆయన ఎడమ సీట్లో ఉంటారు, మంచి చెవి ఆవిడ వైపు ఉంటుంది. లైసెన్సు వచ్చాక మొదటిసారి ఆవిడే ఏలూరు దాకా తోలుకొచ్చారు. గేరు మార్చినప్పుడల్లా కారు పెట్టిన కేక వీధి మొదటికే వినపడింది. ముత్యాలరావు స్పానరు జేబులో పెట్టుకుని, కారులో వెనక కూర్చుని, క్లచ్చి పూర్తిగా తొక్కాకే గేరు వెయ్యాలని గంటసేపు నేర్పించాడు. వెంకట్రాజుగారు డాష్‌బోర్డు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు.

ఆ సాయంత్రం ఇంటికి చేరాక కాంతం గారు ముత్యాలరావుకి ఫోను చేశారు. స్పీకరు పెట్టి ఉంది కాబట్టి రేకు గోడ ఇవతల నాకూ వినపడింది. దారిలో కారు ఒక్క చప్పుడు చెయ్యలేదని చెప్పారు. తర్వాత ఆగలేక, చాలా సంతోషంగా, అసలు సంగతి చెప్పారు.

"భీమడోలు దాటేలోపు ఆయన నా మాటకి రెండుసార్లు కాదన్నారండి!"